అంచు ఎరగని బొంతలు

దర్జీ దుకాణంలో ముక్కలత్త చెయ్యి పడకుండా ఒక్క చొక్కా గడప దాటదు. మాస్టరు కత్తిరిస్తాడు, మిషన్ల మీద కూర్చున్నవాళ్ళు కుడతారు, చివరికి అన్నీ వచ్చి ఆవిడ ఒళ్ళో పడతాయి. కాజాలు తీయడం, బొత్తాలు కుట్టడం, కింది అంచు మడిచి చేతికుట్టు వేయడం, వేలాడే దారాలు తుంచడం ఆవిడ పని. ఆవిడ తీసిన కాజాలోకి బొత్తాం ఎవరూ తోయకుండానే నడిచివెళ్తుందని మాస్టరు చెప్పుకుంటాడు. ఒకసారి ఒక బ్యాంకు మేనేజరుగారి చొక్కాకి బొత్తాం కుట్టి ఇస్తే, కొన్నాళ్ళకి ఆ చొక్కా అరిగి, చిరిగి, పేలికలై గాలికి కొట్టుకుపోయిందట గాని బొత్తాం మాత్రం ఉన్నచోటే ఉందట. నమ్మనివాళ్ళు మేనేజరుగారిని అడగవచ్చు, ఆయన ఎప్పుడో బదిలీ అయిపోయారు.

అంతటి పనిమంతురాలు ఇంటికొచ్చి ఒక్క బొంత కూడా అంచు దాకా తీసుకురాలేదంటే ఎవరు మాత్రం ముక్కున వేలేసుకోరు?

దుకాణంలో మిగిలిన కత్తిరింపు ముక్కలన్నీ సంచీలో కుక్కుకుని సాయంత్రం ఇంటికి తెస్తుంది. వెనకగది నిండా అవే. రకానికొక గుట్ట, రంగుకొక మూట. మూటల మీద సగం కుట్టిన బొంతలు, వాటి మీద పావు కుట్టిన బొంతలు, అన్నిటి మీదా ఇంకా మనసులోనే ఉన్న బొంతలు. ఒకసారి పక్కింటి పిల్లి ఆ గదిలోకి దూరి, బయటికి వచ్చేసరికి ఒంటి మీద గళ్ళచొక్కా ముక్క అతుక్కుని ఉంటే, తమ పిల్లి కాదని పొరుగువాళ్ళు పాలు పోయడం మానేశారు. సూదుల సంగతి సరేసరి. ఆవిడ భర్త రిటైరైన బస్సు కండక్టరు. ఆయన ఆ ఇంట్లో ఏ కుర్చీలోనైనా ముందు అరచేత్తో తడిమి, తర్వాత కళ్ళు మూసుకుని, ఆ తర్వాతే కూర్చుంటాడు. ఒకనాడు తడమడం మరిచిపోయి కూర్చుంటే ఆయన పెట్టిన కేకకి వీధి చివర స్టాపులో బయల్దేరబోతున్న బస్సు ఆగిపోయింది. ఎవరో ‘హోల్డాన్’ అన్నారనుకున్నాడట డ్రైవరు.

బొంతలు పూర్తి కాకపోవడానికి ముక్కలత్తకి ఉన్న రోగం ఒకటే. పైపొర ముక్కలు జోడిస్తుంది. మధ్యలో పాత దుప్పటి పరుస్తుంది. కింద అస్తరు వేసి, జారకుండా టాకాలు పెట్టి, వరస వరసగా చేతికుట్టు వేసుకుంటూ వస్తుంది. అంత దూరం గుర్రంలా పరుగెత్తి, చుట్టూ పట్టీ మడిచి అంచు కుట్టే దగ్గరికి వచ్చేసరికి ఏ మూలో ఒక ముక్క కళ్ళలో పడుతుంది. “ఇది ఇక్కడ నప్పలేదే” అంటుంది. నప్పే ముక్క కోసం మూటలు వెతికే ఓపికుండదు. పక్క బొంతలో కనబడుతూనే ఉంటుంది కదా! కత్తెర మొనతో అందులోంచి విప్పి ఇందులో వేస్తుంది. అక్కడ బొక్క పడుతుంది. దాన్ని పూడ్చడానికి మూడో బొంతలోంచి లాగుతుంది. ఇలా ఆ గదిలో ముక్కలు బొంతలు మారుతూ తిరుగుతూ ఉంటాయి, స్థిరనివాసం అన్నది దేనికీ లేదు.

“ఈ ఇంట్లో ముక్కలకి కూడా బదిలీలే” అంటాడు కండక్టరుగారు.

“మీరు నోరు మూసుకుని మీ కాఫీ తాగండి.”

అలాంటి ఇంటికి ఒక ఆదివారం పొద్దున కూతురు వచ్చింది. ఊళ్ళోనే మరో పేటలో కాపురం. నెలలు నిండుతున్నాయి. మెల్లగా మెట్లెక్కి, కుర్చీ తడిమి చూసుకుని, కూర్చుంది. తల్లి అప్పటికే నేల మీద లేత రంగుల ముక్కలు పరిచి ఉంది.

“ఇటు చూడవే, బిడ్డకి ఏది బావుంటుంది? ఈ లేతాకుపచ్చా, ఇదా?”

కూతురు ముక్కల వంక చూడలేదు. “అమ్మా, నువ్వు బొంత కుట్టకు. నేను దుకాణంలో దుప్పటి కొనేశాను.”

“కొన్నావా?”

“కొన్నాను. మెత్తగా ఉంది, కడిగి ఆరబెట్టాను కూడా.”

“అమ్మమ్మ బతికుండగా బిడ్డకి దుకాణం దుప్పటా? నేనేం చచ్చానా?”

“నువ్వు బతికే ఉన్నావు గాని నీ బొంతలే బతకవు” అంది కూతురు. కోపంగా కూడా కాదు, నీళ్ళు తాగినంత మామూలుగా అంది. “నేను కడుపులో ఉన్నప్పుడు నాకోసం మొదలుపెట్టావట. ఇప్పుడు నా కడుపులో ఒకటుంది. నా బొంత ఏదమ్మా?”



ఆ బొంత కథ వేరు. అది ఆగిపోవడంలో ఆవిడ తప్పు సగమే, మిగతా సగం పిల్లది. ఉయ్యాల కొలతకి మొదలుపెడితే అంచు కుట్టేలోపు పిల్ల పాకింది. నాలుగు వైపులా ఒక్కో వరస పెంచితే నడిచింది. ఇంకో వరస వేస్తే బడికి పోయింది. ఇద్దరూ పోటీపడి పెరిగారు, ప్రతిసారీ పిల్లే గెలిచింది. పిల్ల పెరగడం ఆగిన రోజు బొంత గెలిచి ఉండాల్సింది. సరిగ్గా అప్పుడే అన్నయ్య భార్య, ఆ వదిన దాపురించింది.

“బాతుల గౌను ముక్క మీ వదిన బొంతలో ఉంది” అంది కూతురు. “పసుపుపచ్చ గౌను, తెల్ల బాతులు. అది నాకు పొట్టయిపోయినప్పుడు నేను ఏడిస్తే ‘నీ బొంత నడిమధ్యలో వేస్తానే’ అన్నావు. వేశావు కూడా. మళ్ళీ తీసి ఇంకొకళ్ళకి వేశావు. ఎవరి వస్తువుకీ నీ చేతుల్లో దిక్కులేదు. నా బిడ్డకి అలాంటిది వద్దమ్మా, నీకు దణ్ణం పెడతాను.”

కూతురు వెళ్ళిపోయాక ముక్కలత్త ఆ ముక్కల మధ్యే కూర్చుండిపోయింది. ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. కూతురి మీదా, వదిన మీదా, బాతుల మీదా, తన మీదా, ఏమీ అనకుండా పళ్ళు బయటపెట్టి నవ్వుతున్న మొగుడి మీదా.

“నవ్వుతారేం?”

“నేనేమన్నాను?”

“బిడ్డ భూమ్మీద పడేలోపు దాని బొంత దానికి ఇవ్వకపోతే నా చేతికి సూది ఎందుకు?”

“ఏ బిడ్డ? ఈ బిడ్డేనా, ఈ బిడ్డకి పుట్టబోయే బిడ్డా?”

ముక్కలత్త విసిరిన అట్టపెట్టెలోంచి బొత్తాలు ఇల్లంతా దొర్లాయి. వాటిని ఏరుకుంటూ ఆయన, కూతురి బొంత మడత విప్పి పరుచుకుంటూ ఆవిడ. అది చిల్లుల జల్లెడలా ఉంది. మెత్తటి ముక్క ఒక్కటి మిగల్లేదు. ఉన్నవన్నీ ప్యాంటు గుడ్డ, కోటు గుడ్డ, గొడుగు గుడ్డ. చిన్నప్పటి గౌన్లూ, లంగాలూ, పాలపళ్ళ నాటి చొక్కాలూ అన్నీ ఎగిరిపోయాయి. ఎక్కడో వెతకక్కర్లేదు. అన్నీ వదిన మంచం మీదే ఉన్నాయి.

ముక్కలత్త జన్మలో పూర్తి చేసిన బొంత అదొక్కటే. అది ఆవిడ పూర్తి చేసింది కాదు, వదిన పూర్తి చేయించుకుంది. ఒక ఏడాది వదినకి నడుం నొప్పి వచ్చి, “మెత్తటి బొంత కావాలి, ఎల్లుండికి కావాలి” అని వచ్చి పక్కన తిష్ట వేసి, అంచు పడేదాకా కదల్లేదు. చెవిలో జోరీగ. ఆ రొద భరించలేక ముక్కలత్త చేతికి అందిన మెత్తటి ముక్కలన్నీ కూతురి బొంతలోంచి విప్పి అందులో పడేసింది. అప్పుడు అదేమంత పెద్ద విషయం అనిపించలేదు. తర్వాత ఎలాగూ తిరిగి వేస్తాను కదా అనుకుంది. ఆవిడ అన్నీ అలాగే అనుకుంటుంది.

ఆ మధ్యాహ్నమే వదిన ఇంటికి వెళ్ళింది. అన్నయ్య వరండాలో పేపరు చదువుతున్నాడు. చెల్లెలు మొహం చూసి పేపరు ఇంకాస్త పైకెత్తుకున్నాడు.

“వదినా, నీ బొంత ఒకసారి ఇస్తావా?”

వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “ఎందుకు?”

“కొన్ని ముక్కలు తీసుకుంటాను.”

“నీ మొహం. ఊరంతా చూసింది, నా ఆడపడుచు చేత ఒక బొంత పూర్తి చేయించిన మొనగత్తెని నేనొక్కదాన్నే. చుట్టాలొస్తే ముందు అదే చూపిస్తాను. దాన్ని నీ చేతికిస్తానా? వెళ్ళేటప్పుడు బొంతగా వెళ్తుంది, వచ్చేటప్పుడు మూటగా వస్తుంది.”

“నా కూతురి గౌన్లు వదినా అవి!”

“వేసేటప్పుడు తెలీదా?”

“నువ్వు నెత్తినెక్కి కూర్చుంటే ఏం తెలుస్తుంది? ఊపిరి ఆడితే కదా!”

“నెత్తినెక్కాను కాబట్టే పూర్తయింది.”

ముక్కలత్తకి ఒళ్ళు మండింది. గుమ్మంలోనే కూలబడింది. కూతురు అన్న మాటలు పొల్లుపోకుండా చెప్పింది, నీ చేతుల్లో దిక్కులేదన్న మాట మాత్రం రెండుసార్లు చెప్పింది. అన్నయ్య పేపరు తిప్పడం ఆపేశాడు.

“బాతులు నా చెంప కిందికొస్తాయి” అంది వదిన చివరికి, పోట్లాడుతున్నట్టే. “వాటి మీద తల పెట్టుకోకపోతే నాకు నిద్ర పట్టదు. సరే, ఒక పని చెయ్యి. బొంత నా గడప దాటదు. నీ కూతురి బొంత ఇక్కడికి పట్రా. దుకాణం నుంచి నేరుగా ఇటే రా. నా ఎదురుగా కూర్చుని ఒక ముక్క ఇందులోంచి తియ్యి, వెంటనే దాని చోట నీ ప్యాంటు గుడ్డ వెయ్యి. బొక్క ఉంచి లేచావంటే కాళ్ళు విరగ్గొడతాను.”

“నీ దగ్గర రోజూ కూర్చోవాలా?”

“అవును. నాకూ అదే బాధ.”

మర్నాటి నుంచి మొదలైంది ముక్కలత్త చెర. వదిన ఇంట్లో మూటలు లేవు, గుట్టలు లేవు, కంటికి ఆశ పుట్టించే పేలిక ఒక్కటి లేదు. ఉన్నదల్లా రెండు బొంతలూ, ఒక వదినా. ముక్కలత్త సూది ఆపితే చాలు, వంటింట్లో ఉన్నదానికి ఎలా తెలుస్తుందో గాని కేక వచ్చేది.

“ఏం చూస్తున్నావ్?”

“ఈ నీలం పక్కన ఈ ఎరుపు…”

“నప్పింది.”

“నువ్వు చూడందే?”

“చూడక్కర్లేదు. కుట్టు.”

“గుడ్డిదానివా, రాక్షసివా?”

“నీ అన్నయ్యని అడుగు.”

అన్నయ్య పేపరు వెనకనుంచి దగ్గేవాడు. ఒకరోజు ముక్కలత్తకి పట్టరాని కోపం వచ్చి, బాతుల ముక్కని నడిమధ్యలో కాకుండా తలవైపు వేస్తే ఇంకా బావుంటుందేమోనని విప్పబోయింది. వదిన వచ్చి కత్తెర లాక్కుని తన రొంటిన దోపుకుంది. అప్పటినుంచి దారం తెంపాలన్నా పళ్ళతోనే. ముక్కలత్త ఇంటికెళ్ళి మొగుడి మీద అరిచేది. మర్నాడు దుకాణంలో కాజాల మీద కసి తీర్చుకునేది. ఆ రోజుల్లో తీసిన కాజాల్లోకి ఒకసారి దూరిన బొత్తాం మళ్ళీ బయటికి రావడానికి భయపడేదని మాస్టరు చెప్పాడు.

“అక్కా, ఇంట్లో ఏమైనా గొడవా?”

“ఇంట్లో కాదు. మా వదిన ఇంట్లో.”

ఎన్ని తిట్టుకున్నా బొంత మాత్రం నిండుతూ వచ్చింది. బొక్కలు పూడాయి. కుట్టు వరసలు ఒక చివరినుంచి మరో చివరికి చేరాయి. అంచు పట్టీ మూడు వైపులా తిరిగింది. నాలుగో వైపు మొదలుపెట్టిన పూట కండక్టరుగారు రొప్పుతూ వచ్చాడు.

“అల్లుడు ఫోన్ చేశాడు. అమ్మాయిని ఆసుపత్రిలో చేర్చారట. లే!”

ముక్కలత్త సూది ఆపలేదు. “ఇప్పుడేనా? ఇంకా ఒక వైపు ఉంది! ఇంకో నాలుగు రోజులు ఆగమని చెప్పలేకపోయారా?”

“ఎవరికి? బిడ్డకా?”

“పద” అంది వదిన చెప్పులేసుకుంటూ. “దారిలో కుట్టు.”

బస్సు తప్ప మరో వాహనం వాహనమే కాదన్నది కండక్టరుగారి సిద్ధాంతం. కాబట్టి బస్సే ఎక్కారు. లోపల ఉన్న కుర్ర కండక్టరు ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే. “గురువుగారూ, రండి రండి” అని ముందు సీట్లు ఖాళీ చేయించాడు. ముక్కలత్త కిటికీ పక్కన కూర్చుని, బొంత ఒళ్ళో పరుచుకుని, దారం నోట్లో తడిపి మొదలుపెట్టింది. బస్సు ఎగిరినప్పుడల్లా సూది ఎగిరేది, సూదితోపాటు ఆవిడ తిట్లు ఎగిరేవి. రోడ్డు వేసినవాణ్ణి, డ్రైవర్ని, ఎదురొచ్చే లారీని, పక్కన కూర్చుని “కుట్టు, కుట్టు” అంటున్న వదినని, వరసపెట్టి అందరినీ దులిపేసింది. ఆ పట్టీ వైపు చూసే తీరిక లేదు, వేళ్ళకే వదిలేసింది. ఆసుపత్రి స్టాపు వచ్చేసరికి ఆఖరి ముడి వేసి దారం కొరికింది.

“అయిపోయింది!” అంది, తన గొంతు తనకే కొత్తగా.

“రైట్, దిగండి దిగండి” అన్నాడు కండక్టరుగారు అలవాటుగా.

ముక్కలత్త లేచింది. బొంత లేవలేదు.

గుంజింది. సీటు కదిలింది గాని బొంత రాలేదు. వదిన వంగి చూసి నెత్తి కొట్టుకుంది. సీటుకి తొడిగిన నీలం తొడుగు అంచుని కూడా పట్టీలో మడిచి, చక్కగా, గట్టిగా, దుకాణంలో ఆవిడ వేసే కుట్టు లాంటి కుట్టుతోనే, మూరెడు పొడవున బస్సుకి కుట్టేసింది.

“విప్పేస్తాను” అంది ముక్కలత్త ఏడుపు గొంతుతో.

“ఒక్క కుట్టు విప్పావంటే చూడు!” వదిన గుడ్లురిమింది. “నిన్ను నేనెరుగుదును. ఒకటి విప్పితే నాలుగు వైపులూ విప్పుతావు. నా కొడుకులు ముసలాళ్ళవుతారు ఆ అంచు మళ్ళీ పడేసరికి. విప్పడం లేదు. సీటే కొయ్యాలి.”

బస్సు నిండా జనం హారన్లకంటే గట్టిగా అరుస్తున్నారు. కత్తెర వదిన ఇంట్లోనే ఉండిపోయింది. కండక్టరుగారి జేబులో చిన్న చాకు ఉంది. ఆ మనిషి ఉద్యోగం చేసినన్నాళ్ళూ సీటు మీద పేరు గీకినవాణ్ణి దారిలోనే దింపేసేవాడు. కాలు పెట్టినవాణ్ణి తిట్టి, తిట్టు వినని వాడి చేత తుడిపించేవాడు. ఆయన చాకు తెరిచి, మళ్ళీ మూశాడు.

“గురువుగారూ, కానివ్వండి” అన్నాడు కుర్ర కండక్టరు. “నేను పైవాళ్ళకి ఏదో చెప్పుకుంటాను.”

“ఏం చెప్తావురా?”

“ఎలక కొరికిందంటాను.”

“ఇంత తిన్నగానా?”

అయినా కోశాడు. కళ్ళు మూసుకుని కోశాడు, వాళ్ళింట్లో కుర్చీలో కూర్చునేటప్పుడు మూసుకున్నట్టే. బస్సుకి గాటు పడింది. బొంతకి ఒక పక్క నీలం నాలుక వేలాడింది.

ఆసుపత్రి మెట్లెక్కేసరికి అల్లుడు ఎదురొచ్చాడు. ఆడపిల్ల పుట్టింది, తల్లీ బిడ్డా క్షేమం. ముక్కలత్త ఆ మాట విని గోడకి ఆనుకుని రెండు నిమిషాలు ఏడ్చి, వెంటనే అల్లుణ్ణి “ముందే ఫోన్ చెయ్యొద్దూ?” అని తిట్టి, లోపలికి నడిచింది.

బిడ్డ దుకాణం దుప్పట్లో చుట్టి ఉంది. కూతురు నీరసంగా తల తిప్పింది. తల్లి చేతిలో మూట చూసింది. చెయ్యి చాచింది. ముక్కలత్త బొంతని మంచం మీద పరిచింది. కూతురు ముందు నడిమధ్య బాతుల మీద అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. ఆ తర్వాత అంచు పట్టుకుని, వేళ్ళతో తడుముకుంటూ చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. ఒక వైపు. రెండో వైపు. ముక్కలత్త చేతులు కట్టుకుని నిలబడింది. మాస్టరు ముందు కూడా ఆవిడ ఎప్పుడూ అలా నిలబడలేదు.

“ఇదేంటమ్మా, ఈ నీలం తోక?”

“మీ నాన్నని అడుగు.”

“ప్రభుత్వ ఆస్తి” అన్నాడు కండక్టరుగారు, నేల చూపులు చూస్తూ.

కూతురు నాలుగో వైపు చివరిదాకా తడిమింది. ఎక్కడా వదులు లేదు. ఎక్కడా బొక్క లేదు. బొంతని గడ్డం దాకా లాక్కుని కప్పుకుంది. పాదాల దాకా సరిగ్గా సరిపోయింది.

“అదేంటే, దానికి కప్పవే!” అంది ముక్కలత్త.

“దానికెందుకు? ఇది నాది.”

“బిడ్డ కోసమని నేను ఇన్నాళ్ళూ ఆ రాక్షసి ఎదురుగా కూర్చుని…”

“నా బొంత ఏదని అడిగాను. ఇచ్చావు. దానికి వేరేది కుట్టు.”

“కుట్టొద్దని దణ్ణం పెట్టిందెవరే?”

“అప్పుడు పెట్టాను. ఇప్పుడు కుట్టమంటున్నాను. అదీ ఇలాగే, ఒక్కరి కోసమే, ఎవరి దగ్గరా తీయకుండా.”

ముక్కలత్త నోరు తెరిచింది. ఏడవాలో, అరవాలో, కూతుర్ని ముద్దు పెట్టుకోవాలో తేలక మూడూ కలిపి ఏదో చప్పుడు చేసింది. వెనకనుంచి వదిన పగలబడి నవ్వింది. ఆ నవ్వుకి పక్క మంచం బిడ్డ లేచింది, దాన్ని చూసి ఈ బిడ్డ లేచింది, వరసగా వార్డంతా లేచింది. నర్సు వచ్చి ముగ్గుర్నీ బయటికి తోసేసింది.

ముగ్గురూ వరండాలో బెంచీ మీద కూర్చున్నారు.

“సోమవారం నుంచి రా” అంది వదిన. “ఆలస్యంగా వస్తే తలుపు తీయను.”

“నీ ఇంటి గడప ఇంక తొక్కను. నేను మా ఇంట్లోనే కుట్టుకుంటాను.”

వదిన కండక్టరుగారి వైపు చూసింది. ఆయన పైకప్పు వైపు చూశాడు.

“సోమవారం కుదరదు” అంది ముక్కలత్త పళ్ళు నూరుతూ. “దుకాణంలో కోట్లకి కాజాలున్నాయి. మంగళవారం వస్తాను.”